యాకోబు పత్రిక ముందు మన సంఘాలు

విశ్వాసం ఆత్మకు సంబంధించినది, కులంతో దానికేం పని అనేవారు బైబిల్‌లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదవాలి. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టల పేదవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమనడాన్ని అది నేరుగా తప్పుపట్టింది. మన దగ్గర అలాంటి వివక్ష కులం రూపంలో ఉంది. అయినా దళితులు క్రైస్తవంలోకి వస్తే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తొలగింది. దళిత క్రైస్తవులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దక్కింది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే.

క్రైస్తవంలో కులం లేదు కదా అంటారు. బోధలో లేదు, నిజమే. పెళ్లి సంబంధాల్లో, కొన్నిచోట్ల సమాధుల తోటల్లో సైతం ఉంది. (పాస్టర్లకు ఇది తెలియనిదేం కాదు.) అందుకే 2007లో కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమంది. ఆ సిఫార్సు ఇప్పటికీ అమలు కాలేదు.