షాంటిలీ పాత గోడలు చెప్పే కబుర్లు

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉన్న ఊరు షాంటిలీ. ఇక్కడ ఆఫీసుల్లో గుమస్తా పనులు చేసుకునే మేము కొందరం సెలవు రోజుల్లో ఒక వ్యాపకం పెట్టుకున్నాం. చుట్టుపక్కల మిగిలిన పాత ఇళ్ళు, మిల్లులు, కూలిన గోడలు వెతికి ఫోటోలు తీయడం. సెల్‌ఫోన్ ఉంటే చాలు, పెద్దగా ఖర్చు లేదు. అలా తిరుగుతుంటే ఒక సంగతి అర్థమైంది. ఒక ఇల్లు నిలవాలంటే గోడ గట్టిగా ఉంటే చాలదు, దాని తరఫున అడిగేవాళ్ళు కూడా ఉండాలి.

నిలిచిన ఇల్లు, పోయిన ఊరు

ఇక్కడ అందరూ చూసే పాత ఇల్లు సల్లీ. 1794లో రిచర్డ్ బ్లాండ్ లీ అనే కాంగ్రెస్ సభ్యుడు కట్టించాడు. వెనుక వంటిల్లు, రాతితో కట్టిన పాలగది ఉన్నాయి. అక్కడ వండింది, ఉతికింది, పొలం దున్నింది బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్ళు. వాళ్ళు ఎలాంటి గుడిసెలో ఉండేవారో చూపడానికి ఇప్పుడు ఒక నమూనా గుడిసె కట్టారు.

1958లో ఈ ప్రాంతాన్ని విమానాశ్రయానికి ఎంచుకున్నారు. దాదాపు పదివేల ఎకరాలు తీసుకున్నారు. సల్లీ కూడా పోయేదే. పలుకుబడి ఉన్నవాళ్ళు పట్టుబట్టడంతో 1959లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ దాన్ని కాపాడే చట్టంపై సంతకం చేశాడు. ఇప్పుడు ఆ ఇంటి కప్పు మీదుగా విమానం దిగుతుంటే ఫోటో చాలా బాగా వస్తుంది.

అదే సమయంలో విల్లార్డ్ అనే చిన్న ఊరు మాత్రం విమానాశ్రయం కింద కలిసిపోయింది. అందులో ఎక్కువమంది నల్లజాతివాళ్ళే. ఫోటో తీద్దామంటే అక్కడ ఒక్క గోడ కూడా లేదు.

మిగిలిన ముక్కలు

షాంటిలీ అన్నది మొదట ఒక జమీందారీ బంగళా పేరు. అంతర్యుద్ధం రోజుల్లో సైనికులు దాన్ని తగలబెట్టారు. 50వ నంబరు రోడ్డు పక్కన పాత రాతి ఇల్లు ఒకటి ఆనాటి గుర్తుగా ఉంది.

1862 సెప్టెంబరు 1న ఉరుములు, మెరుపుల వానలో ఆక్స్ హిల్ దగ్గర యుద్ధం జరిగింది. కీర్నీ, స్టీవెన్స్ అనే ఇద్దరు సేనానులు చనిపోయారు. 1915లో వాళ్ళకు రాళ్ళు నిలిపారు. యుద్ధం జరిగిన నేలలో అయిదెకరాలే పార్కుగా మిగిలింది, మిగతాదంతా దుకాణాలు, ఇళ్ళు.

మాకు బాగా నచ్చింది వాల్నీ. 1780 ప్రాంతంలో కట్టిన రైతు ఇల్లు ఇది. పక్కనే మంచుగది శిథిలాలు. ఫ్రిజ్‌లు లేని కాలంలో చలికాలం చెరువులో గడ్డకట్టిన మంచును కోసి, గోతిలో దాచి, ఎండాకాలం వాడుకునేవారు.

మన ఊళ్ళ మాట

ఇది చదివే మీలో చాలామందికి ఈ కథ కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్ళీ కట్టారు. మునిగిన పల్లెల్లోని ఇళ్ళను మాత్రం ఎవరూ అలా మోయలేదు. సిరిసిల్ల వైపు మిడ్ మానేరు కింద కొదురుపాక లాంటి ఊళ్ళు మునిగాయి. అక్కడి అన్నదమ్ములు ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ళు పుట్టిన ఇల్లు చూడాలంటే పాత ఫోటోయే దిక్కు.

అందుకే మా మనవి. ఈసారి సెలవు మీద ఊరెళ్ళినప్పుడు పెంకుటిల్లు, గడీ, చేదబావి, మూతపడ్డ బడి ఫోటో తీయండి. పొద్దున ఏటవాలు ఎండలో తీస్తే గోడ గరుకుదనం బాగా కనపడుతుంది. పడిపోయేలా ఉన్న కప్పు కిందికి వెళ్ళొద్దు. ఎవరిదైనా సరే, అడిగి తీయండి. ఫోటో వెనుక ఊరు, తేదీ, ఆ ఇంటివాళ్ళ పేర్లు, వీలైతే కట్టిన మేస్త్రీ పేరు రాయండి. రాతి ఇంటి యజమాని పేరు ఎలాగూ పుస్తకాలకెక్కుతుంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మనం రాస్తేనే ఉంటాయి.

ఒక జాగ్రత్త. గల్ఫ్‌లో ప్రభుత్వ కార్యాలయాలు, రేవులు, విమానాశ్రయాలు, సైనిక స్థలాల ఫోటోలు తీస్తే కేసు అవుతుంది. అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు తీసినా చిక్కే. అక్కడ మీ గది, మీ మంచం, మీ స్నేహితులు ఉన్నారు కదా, వాళ్ళు సరేనంటే తీసి పెట్టుకోండి. రేపు ఆ క్యాంపు కూడా ఉండదు.