ఆటుపోటుల గణితమున కాలప్రమాణము

సముద్రతీరవాసు లెరిగిన పోటులలో చంద్రునివలన గలుగు తరంగము సుమారు 12 గంటల 25 నిమిషముల కొకసారియు, సూర్యునివలన గలుగునది 12 గంటల కొకసారియు వచ్చును. ఇట్టి పెక్కు తరంగముల కూడికయే మనము చూచు నీటిమట్టము. ఆ తరంగములను విడదీసి మరల కూర్చు విద్యకు, ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే 1822లో ప్రకటించిన గణితము ఆధారము.

కూర్పు ముగియగా లభించునది వట్టి యంకెల వరుస. ఏ యంకె యే వేళకు చెందునో అందు వ్రాసియుండదు; గణకుడే నిర్ణయింపవలెను. మార్గమిది: పట్టికలోని తరంగములు 30 దినములలో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, ఇట్లు వరుసగా వచ్చునవైనచో, అంకెల వరుస యంతయు 30 దినములకే చెందును. అంకెలు 720 అయినచో ఒక్కొక్క దానికి నడుమ నుండు కాలము ఒక గంట.

దానిని రెండు గంటలని యెంచినచో మట్టము సరిగనే యుండును గాని వేళ తప్పును. పదవ గంటకు రావలసిన పోటు ఇరువదవ గంటకు వచ్చునట్లు కనబడును. ఆ పట్టికను నమ్మి రేవు చొచ్చిన ఓడ ఇసుకమేట నెక్కవచ్చును.

కావున పట్టికను అచ్చున కిచ్చుటకు ముందు, చంద్రుని పోటులు రెండింటి నడుమ సుమారు 12 గంటల 25 నిమిషముల యెడ మున్నదో లేదో తప్పక సరిచూడవలెను.