అడవి అంచున తొలి కెమెరా

ఖమ్మము దాటి, పాల్వంచ చేరువనున్న కిన్నెరసాని అభయారణ్యమున దుప్పులను చిత్రింపదలచి తొలి కెమెరా కొనువారికి మా మాట ఒకటి.

2018లో వెలువడిన నికాన్ డి3500 వంటి డి.ఎస్.ఎల్.ఆర్. తేలిక. ఒకమారు చార్జి చేసిన 1550 చిత్రముల వరకు వచ్చునని ప్రమాణము. కరెంటు లేని మకాములలో ఇది గొప్ప మేలు. చిక్కంతయు దానితో వచ్చు 18-55 మి.మీ. లెన్సులో నున్నది. 100 మీటర్ల దూరమునందలి దుప్పి చిత్రపుటెత్తులో 30వ వంతు మాత్రమే అగుపడును! టేకునీడలో వెలుగు చాలక, కదలిన మృగము మసకబారును. అద్దము లేచు చప్పుడునకు దుప్పి చెవులు నిక్కించును. వానకు రక్షణయు లేదు. మేము గొడుగు క్రిందనే పని జరుపుకొంటిమి.

భద్రాచలము రేవున గోదావరిని, పడవలను చిత్రించుటకు ఆ లెన్సే చాలును. దుప్పులే కావలెనన్నచో, వాడిన కెమెరాను చవుకగా కొని, మిగిలిన సొమ్మును 300 మి.మీ. లెన్సునకు వెచ్చింపుడు.