ఈ పనికి లెక్క ఎవరు కడతారు?

"ఏం పని చేస్తారక్కా?" అని అడిగింది టీచరమ్మ, కాగితం మీద పెన్ను ఆనించి. 2023 అక్టోబరులో, తెనాలిలో మా ఇంటి వరండాలో. అప్పుడే అత్తయ్యని పక్కకి తిప్పి, వీపుకి పౌడరు రాసి వచ్చాను. "ఏం లేదమ్మా, ఇంట్లోనే ఉంటున్నా" అన్నాను. తను 'గృహిణి' అని రాసేసుకుంది.

తను వెళ్లాక నాకే నవ్వొచ్చింది. ఏం లేదా? నేనా?

అత్తయ్యకి పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది. పదకొండు రోజులు ఆస్పత్రి. తర్వాత మూడు నెలలు పన్నెండు గంటల చొప్పున చూసుకోవడానికి ఒక ఆయమ్మని పెట్టుకున్నాం, రోజుకి 700. అది మోయలేక ఆమెని మానిపించి, 9,500 జీతానికి స్కూల్లో లెక్కలు రాసే ఉద్యోగం నేనే వదిలేశాను.

లెక్కలు రాసిన చెయ్యి ఊరుకోదు కదా! రాష్ట్ర ఆదాయంలో వైద్యానికీ, సేవలకీ వాటా ఎలా కడతారో చదివాను. ప్రైవేటు ఆస్పత్రికి రాబడిలోంచి మందులు, కరెంటు లాంటి కొనుగోళ్లు తీసేసి మిగిలింది లెక్కేస్తారు. ఆయమ్మకి మనమిచ్చే జీతమే ఆమె చేసిన సేవ విలువ. అంటే అత్తయ్య ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ, ఆయమ్మ ఉన్న మూడు నెలలూ రాష్ట్ర ఆదాయం పెరిగింది. అదే పని నా చేతికి రాగానే నెలకి ఆమె 21,000, నా 9,500 రెండూ లెక్కలోంచి మాయం! అత్తయ్య ఒంటికి మాత్రం ఒక్కపూట కూడా స్నానం తప్పలేదు.

ఇది నేను కనిపెట్టిన వింతేం కాదు. ఇంట్లో పనిచేసే ఆమెని యజమాని పెళ్లాడితే దేశాదాయం తగ్గిపోతుందని ఇంగ్లండు ఆర్థికవేత్త పిగూ వందేళ్ల క్రితమే చెప్పాడు. ఇంకా తమాషా ఏమంటే, సొంత గేదె పాలు ఇంట్లో వాడుకున్నా అవి లెక్కలోకొస్తాయి. వాటిని కాచి, చల్లార్చి, మంచంలో ఉన్న మనిషికి చెంచాతో తాగించడం మాత్రం రాదు.

మరి టీచరమ్మ పని? అది లెక్కలోకొస్తుంది. కాకపోతే సర్కారు సేవలకి అమ్మకం ధర ఉండదు కాబట్టి, వాటికయ్యే ఖర్చునే విలువగా వేస్తారు. అందులో పెద్ద భాగం జీతాలే. తనకి అప్పుడు మన రాష్ట్రంలో గౌరవ వేతనం 11,500. పిల్లలకి తిండి, చదువు, తూకాలు, గర్భిణులకి సరుకులు, మధ్యలో ఈ సర్వేలు... తక్కువిస్తే తక్కువ పని చేసినట్టే లెక్క! 'గౌరవం' అనే మాట ఎంత చవకో చూశారా?

ఆ డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ వాళ్లు సమ్మెకి దిగారు. 26,000 జీతం, గ్రాట్యుటీ కావాలని. గ్రాట్యుటీ హక్కని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. 42 రోజులు సాగింది. మధ్యలో ఎస్మా కూడా పెట్టారు. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి మూడేళ్ల పాపని చంకనేసుకుని వచ్చేది. నాలుగిళ్లలో రెండిళ్లవాళ్లు "పిల్లతో రావద్దు" అన్నారట. ఆ రెండిళ్ల జీతం పోయింది. అంగన్‌వాడీ విలువ 11,500 కాదని నాకప్పుడు అర్థమైంది. దాని వెనక ఎందరు తల్లుల కూలి నిలబడి ఉంటుందో!

ఇంటి పనికి విలువ కట్టిన వాళ్లు లేకపోలేదు. 2021 జనవరిలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి పరిహారం కేసులో మన ఉమ్మడి కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తీర్పు రాస్తూ ఆమె పనికి ఆదాయం కట్టాల్సిందేనన్నారు. అందుకు 2019 జాతీయ సమయ వినియోగ సర్వేని చూపించారు. ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఇస్తున్నారట. సంతోషమే, కానీ ఆ విలువ బయటపడటానికి మనిషి పోవాల్సొచ్చింది. 2024 సర్వేలో మన నిమిషాలు 289కి తగ్గాయి. హమ్మయ్య అనుకునేలోగా మగవాళ్లవీ 88కి తగ్గాయని చూశాను!

సమ్మె విరమించిన వారం నేనూ నా సమయం రాసుకున్నాను, క్యాలెండరు వెనక. వంట, ఇల్లు వదిలేసి ఒక్క అత్తయ్య పనే. రోజుకి సగటున 6 గంటల 20 నిమిషాలు వచ్చింది. ఆయమ్మకిచ్చిన రేటు చొప్పున నెలకి 11,083 రూపాయలు.

సాయంత్రం టీచరమ్మ అత్తయ్యని పలకరించడానికి వస్తే చూపించాను. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "నాకంటే నాలుగొందలే తక్కువక్కా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. లోపల్నుంచి అత్తయ్య "ఏంటే ఆ నవ్వులు, నాకూ చెప్పండి" అని ముద్దముద్దగా అరిచింది. వెళ్లి ఆవిడ తల ఎత్తి, వెనక దిండు సర్దాను.