కొత్తగా గోల్ఫ్ ఆడేవారికి ఎన్ని కర్రలు కావాలి?

గోల్ఫ్ ఆటగాడి సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు. ఈ పరిమితిని అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో తెచ్చింది. ఆ మరుసటి ఏడాది స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ కూడా దాన్ని అమలు చేసింది. అంతకు ముందు పాతికకు దగ్గరగా కర్రలు పెట్టుకుని, వాటిని క్యాడీల చేత మోయించిన ఆటగాళ్లు ఉండేవారు. కనీసం ఇన్ని ఉండాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. చిక్ ఎవాన్స్ అనే అమెచ్యూర్ ఆటగాడు 1916లో యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు అతని సంచిలో ఉన్నవి ఏడే, అవీ హికరీ చెక్క కాడలవి. వారాంతాల్లో సరదాగా ఆడాలనుకునేవారు దుకాణంలో అడుగుపెట్టే ముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. 14 అన్నది పైహద్దు, అవసరం కాదు.

గోల్ఫ్ కర్రకు మూడు భాగాలుంటాయి. చేత్తో పట్టుకునేది గ్రిప్, మధ్యలో కాడలా ఉండేది షాఫ్ట్, చివర బంతిని తాకేది తల. తల ముందుభాగం నిట్టనిలువుగా ఉండదు, కొంత వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలునే లాఫ్ట్ అంటారు, డిగ్రీల్లో కొలుస్తారు. వాలు తక్కువైన కొద్దీ బంతి దూరం పోతుంది. ఎక్కువైన కొద్దీ పైకి లేచి దగ్గరలోనే దిగుతుంది. కిట్టులోని కర్రలన్నీ ఈ ఒక్క సూత్రం మీద వరుసగా కూర్చినవే.

అన్నిటికన్నా పొడవైనది డ్రైవర్. దాని లాఫ్ట్ మామూలుగా 9 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది, పొడవైన హోల్స్‌లో మొదట టీ అనే చిన్న మేకు మీద పెట్టిన బంతిని కొట్టడానికి దాన్ని వాడతారు. తర్వాతవి ఫెయిర్‌వే వుడ్‌లు. పేరులో చెక్క మిగిలింది గానీ ఇప్పుడివి లోహంతో చేసినవే. టేలర్‌మేడ్ కంపెనీ 1979లో ఉక్కు తలతో డ్రైవర్ తెచ్చాక పర్సిమన్ చెక్క తలలు క్రమంగా కనుమరుగయ్యాయి. ఐరన్లు నంబర్ల వారీగా వస్తాయి. నంబరు పెరిగే కొద్దీ కాడ పొట్టిదవుతుంది, వాలు పెరుగుతుంది. హైబ్రిడ్ అనేది వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం. 3, 4 నంబర్ల పొడవాటి ఐరన్లతో బంతిని గాల్లోకి లేపడం కష్టం కాబట్టి వాటికి బదులుగా ఇది వచ్చింది. గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక, అంటే గ్రీన్ దగ్గరికి వచ్చాక, ఇసుక గుంటల్లో పడ్డాక పనికొచ్చేవి వెడ్జ్‌లు. గ్రీన్ మీద బంతిని దొర్లించి గుంటలో వేసేది పట్టర్.

మొదటి ఏడాదికి వీటిలో ఏడు చాలు: 5-వుడ్, 5-హైబ్రిడ్, 7-ఐరన్, 9-ఐరన్, పిచింగ్ వెడ్జ్, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, పట్టర్. 8-ఐరన్ లేకపోతే ఇబ్బంది కాదా అనే సందేహం రావచ్చు. పక్కపక్క నంబర్ల ఐరన్ల మధ్య దూరంలో తేడా దాదాపు 10 గజాలు. కొత్తవారు ఒకే 7-ఐరన్‌తో వరుసగా పది బంతులు కొడితే అవి అంతకన్నా ఎక్కువ తేడాతో పడతాయి. దెబ్బ స్థిరపడనంత కాలం మధ్యలోని నంబర్లు సంచి బరువు పెంచడానికే పనికొస్తాయి. ఆట కుదురుకున్నాక అదే మోడల్లో మిగతావి కలుపుకోవచ్చు.

ఐరన్ల ఎంపిక దగ్గర కాసేపు ఆగాలి. కొత్త ఆటగాడి సుఖదుఃఖాలు చాలావరకు ఇక్కడే తేలతాయి. ఐరన్ తలలు ముఖ్యంగా రెండు రకాలు. వెనకభాగం చదునుగా, సన్నగా, చూడముచ్చటగా ఉండేవి బ్లేడ్‌లు. వెనక గుల్లగా తొలిచి, బరువును అంచుల్లోకి పంచినవి క్యావిటీ బ్యాక్‌లు. బంతి తల నడిమధ్యన తగిలితే రెండూ బాగానే కొడతాయి. బంతి అంచుకు తగిలినప్పుడే తేడా బయటపడుతుంది. బరువంతా మధ్యలో ఉన్న బ్లేడ్ ఆ దెబ్బకు చేతిలో గిర్రున తిరుగుతుంది, బంతి పక్కదారి పడుతుంది, వేళ్లు జివ్వుమంటాయి. బరువు అంచుల్లో ఉన్న తల అంత తేలిగ్గా తిరగదు. దూరం కొంత తగ్గినా బంతి దాదాపు అనుకున్న వైపే వెళుతుంది.

ఈ ఆలోచనను గోల్ఫ్‌లో స్థిరపరచినవాడు కార్స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఈయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజినీరు. గోల్ఫ్ మొదలుపెట్టింది నలభయ్యో పడిలో పడ్డాక. తన పట్టింగ్ కుదరకపోవడంతో 1959లో ఇంటి గ్యారేజీలోనే, బరువును రెండు చివరలకూ పంచిన పట్టర్ ఒకటి తయారుచేశాడు. బంతి తగిలినప్పుడు అది చేసే శబ్దమే పింగ్ అనే కంపెనీ పేరయింది. అదే సూత్రాన్ని తర్వాత ఐరన్లకూ పట్టించాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ-2 ఐరన్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఇవాళ దుకాణాల్లో ‘గేమ్ ఇంప్రూవ్‌మెంట్’ పేరుతో అమ్మే ఐరన్లన్నీ ఆ వంశానివే. కొత్తవారికి కావలసినవి అవే. పేరున్న కంపెనీ బ్లేడ్‌లు చవగ్గా దొరికినా వదిలేయాలి. అవి చెయ్యి తిరిగినవారి పనిముట్లు.

ఐరన్ల మీద నంబరుకు ప్రామాణికమైన లాఫ్ట్ లేదు. 1980లలో 7-ఐరన్ వాలు 35 డిగ్రీల ప్రాంతంలో ఉండేది. ఇప్పటి చాలా గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్లలో అది 30కి లేదా అంతకన్నా తక్కువకు దిగింది. కొత్త మోడల్ ‘ఇంకో పది గజాలు ఎక్కువ కొడుతుంది’ అనే ప్రకటనల వెనుక ఈ మార్పు కూడా ఉంటుంది. పాత లెక్కలో అది 6-ఐరన్ అన్నమాట. దీనివల్ల కొనేవారికి ఎదురయ్యే చిక్కు వెడ్జ్‌ల దగ్గర తేలుతుంది. అలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకే ఉంటుంది. దాని తర్వాతది 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ అయితే మధ్యలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ పూడుస్తుంది. అందుకే సెట్టు కొనేముందు నంబర్లు కాదు, డిగ్రీలు అడిగి తెలుసుకోవాలి.

ఇక డ్రైవర్. అందరి కళ్లూ దీని మీదే. పెద్ద కంపెనీల సరికొత్త డ్రైవర్ అమెరికాలో 500 డాలర్లు దాటుతుంది. కొత్తవారు అన్నిటికన్నా చివర కొనవలసిందీ ఇదే. కాడ 45 అంగుళాల పైన ఉంటుంది, వాలు తక్కువ. ఈ రెండూ కలిసి చిన్న పొరపాటును కూడా పెద్దది చేస్తాయి. కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపు వంకరగా చెట్లలోకి పోయే ‘స్లైస్’ డ్రైవర్‌తోనే ఎక్కువగా కనిపిస్తుంది. అదే ఆటగాడు 5-వుడ్‌తో కొడితే బంతి తేలిగ్గా లేస్తుంది, వంకర తగ్గుతుంది. అయినా డ్రైవర్ కావాలనిపిస్తే 10.5 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ లాఫ్ట్ ఉన్నదీ, నాలుగైదేళ్ల పాతదీ తీసుకోవడం మంచిది. డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదన్న నిబంధన 2004లో వచ్చింది. తల ముఖం బంతిని ఎంత వేగంగా తిప్పికొట్టవచ్చో దానికీ హద్దు ఉంది. ఆ హద్దులను కంపెనీలు ఎప్పుడో అందుకున్నాయి కాబట్టి ఏడాదికేడాది వచ్చే తేడా కొత్త ఆటగాడికి అందేది కాదు.

తల తర్వాత షాఫ్ట్ సంగతి. వంగే గుణాన్ని బట్టి దీనికి లేడీస్, సీనియర్, రెగ్యులర్, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్ అని పేర్లు పెట్టారు. డ్రైవర్ ఊపు గంటకు 95 మైళ్ల లోపు ఉన్నవారికి సాధారణంగా రెగ్యులర్ సరిపోతుంది, కొత్తగా మొదలుపెట్టే మగవారిలో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు. ఊపు నెమ్మదిగా ఉండే పెద్దవారికి సీనియర్ నయం. ఈ పేర్లకూ ఒకే కొలత లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ మరో కంపెనీ స్టిఫ్‌లా అనిపించవచ్చు, కొట్టి చూస్తే తప్ప తెలియదు. ఉక్కు కాడలు చవక, మన్నిక ఎక్కువ. గ్రాఫైట్‌వి తేలిక, మోచేతి నొప్పి ఉన్నవారికి అదురు తక్కువ తగులుతుంది.

పొడవు ఇంకా ముఖ్యం. 7-ఐరన్ మామూలు పొడవు 37 అంగుళాల ప్రాంతం. ఆడవారి కర్రలు దాదాపు ఒక అంగుళం తక్కువ. ఎత్తు ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదు, నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు నుంచి నేల దాకా ఉన్న దూరాన్ని కూడా కొలవాలి. పొట్టివారైనా చేతులు పొట్టివైతే మామూలు పొడవే సరిపోవచ్చు. నాన్న పాత కర్రలను కోసి పిల్లలకు ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగేదే. కానీ కోసిన కాడ గట్టిపడుతుంది, తల బరువు మాత్రం పెద్దవారిదే. పిల్లలు దాన్ని ఊపలేక ఒళ్లంతా మెలితిప్పుతారు, ఆ అలవాటు తర్వాత ఒక పట్టాన వదలదు. పిల్లలకు పిల్లల సెట్టే కొనాలి.

పట్టర్‌ను తొందరపడి కొనకూడదు. 18 హోల్స్‌కు 72 దెబ్బల కోర్సులో 36 దెబ్బలు పట్టింగ్‌కే లెక్క వేస్తారు. సగం ఆట ఆడే కర్ర మీద ఎవరూ పెద్దగా ఆలోచన పెట్టరు. దీనికి ఖరీదుతో పని లేదు. బంతి మీదికి వంగి నిలబడినప్పుడు కళ్లు బంతికి సూటిగా పైన ఉండేంత పొడవు, తల మీద గురి చూసుకోవడానికి స్పష్టమైన గీత ఉంటే చాలు. ఈ ఆటలో ఎన్నేళ్లయినా మార్చనక్కరలేని కర్ర ఇదొక్కటే.

కొనే చోట్లు మూడు రకాలు. మొదటిది అన్నీ కలిపి పెట్టెలో అమ్మే సెట్టు. కాల్‌వే వారి స్ట్రాటా, విల్సన్ ప్రొఫైల్ లాంటివి అమెరికాలో ఈ రకానికి పేరుపడ్డాయి. సంచితో సహా వస్తాయి, ఒక సరికొత్త డ్రైవర్ ధరకన్నా తక్కువకే చాలావరకు దొరుకుతాయి. మన దేశంలో డెకథ్లాన్ దుకాణాలు ఇనెసిస్ పేరుతో కొత్తవారికి తగిన కర్రలు అమ్ముతున్నాయి. రెండోది పాత సరుకు. సరిగ్గా ఎంచితే డబ్బుకు తగ్గ విలువ ఇక్కడే ఎక్కువ. మూడోది తెలిసినవారి దగ్గర నుంచి వచ్చేది. అమెరికాలో మున్సిపల్ కోర్సుల్లో ఆడే తెలుగువారు ఇంటికి వస్తూ తమ పాత కిట్టు తమ్ముడికో బావమరిదికో తేవడం ఉంది. విమానంలో చేతి సామానుగా వీటిని అనుమతించరు. గట్టి ట్రావెల్ బ్యాగులో పెట్టి చెక్-ఇన్ చేయాలి, డ్రైవర్ తల ఊడివచ్చే రకమైతే విడదీసి గుడ్డలో చుట్టాలి. ఎడమచేతివారికి పాత సరుకులో దొరికేవి తక్కువ. చవగ్గా వచ్చింది కదా అని కుడిచేతి సెట్టుతో సరిపెట్టుకోవడం మాత్రం వద్దు.

పాతవి కొనేటప్పుడు ముందుగా ఐరన్లన్నీ వరుసగా నిలబెట్టి చూడాలి. ఒక్కో నంబరుకు అర అంగుళం చొప్పున మెట్లు దిగినట్లు ఉండాలి. ఎక్కడైనా మెట్టు తప్పితే ఆ కర్ర వేరే సెట్టుది, లేదా కోసినది. కాడను కంటి ఎదుట పెట్టి వంపు ఉందేమో చూడాలి. ఉక్కుదైతే తుప్పు, గ్రాఫైట్‌దైతే తల దగ్గర చీలికలు వెతకాలి. తల పట్టి మెలితిప్పితే కదలకూడదు, ఊపితే లోపల గలగలమనకూడదు. వెడ్జ్ ముఖం మీది గాడులు అరిగిపోతే బంతి గ్రీన్ మీద ఆగదు. గ్రిప్ నున్నగా మెరుస్తుంటే దాని పని అయిపోయినట్టే, కాకపోతే అది మార్చుకోదగ్గది. ఆ ఖర్చు లెక్కవేసి బేరం తగ్గించమని అడగవచ్చు. గోల్ఫ్ కర్రల్లో నకిలీలు చాలా ఉన్నాయి. నిరుడు వచ్చిన పెద్ద కంపెనీ డ్రైవర్‌ను ఇంటర్నెట్‌లో పావు ధరకు ఎవరైనా అమ్ముతుంటే అది అసలుది కాదనే అనుకోవాలి.

బంతుల విషయంలోనూ ఖరీదు వెంట పడనక్కరలేదు. నిబంధన ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చవకైన రెండు పొరల బంతీ, పోటీల్లో ఆడేవారు వాడే ఖరీదైన బంతీ రెండూ ఈ కొలతల్లోనే ఉంటాయి. ఖరీదైనది ఇచ్చే స్పిన్‌ను వాడుకునే నేర్పు వచ్చేసరికి ఎన్నో బంతులు చెరువుల్లో, పొదల్లో పోతాయి. అలా పోయినవాటిని ఏరి, కడిగి అమ్మేవి కూడా దొరుకుతాయి. నేర్చుకునేటప్పుడు అవి సరిపోతాయి.

హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ తెలుగు నేల మీద ఈ ఆటకు ముఖ్యమైన చోట్లు. కర్రలు అద్దెకిచ్చే డ్రైవింగ్ రేంజ్ ఏదైనా దగ్గరలో ఉంటే ఏమీ కొనకముందే అక్కడికి వెళ్లండి. శిక్షకుడి ఎదుట రెండు మూడు పొడవుల్లో, రెండు రకాల కాడలతో 7-ఐరన్ కొట్టి చూడండి. చేతికి ఏది కుదిరిందో కాగితం మీద రాసుకుని, ఆ కొలతలతోనే దుకాణానికి వెళ్లండి. డ్రైవర్ కొనకుండా మిగిల్చిన డబ్బును శిక్షకుడి దగ్గర నాలుగైదు పాఠాలకు పెట్టండి.