గుడ్డ రెక్కల మీద ఇంకో బస్తా

పాలకుర్తి నుంచి తొర్రూరు పోయే దారిలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. యాసంగి వడ్లు మార్కెట్‌కు పోయే రోజుల్లో అక్కడ ట్రాలీ ఆటోలు వరుస కడతాయి. కంపెనీ వేసిన కమాన్ పట్టీలకు తోడు ఇంకో రెండు పట్టీలు వేయిస్తే ఇంకో నాలుగు బస్తాలు పడతాయని డ్రైవర్ల లెక్క. ఆ షెడ్డు మా అన్న మనుమడిది. ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్‌లో చిన్న విమానాలకు గుడ్డ కట్టి, రెక్కను ఆనించే గొట్టాలైన స్ట్రట్లు మార్చి, తూకాలు వేసి రిటైరై ఊరికొచ్చిన మనిషిని నేను. వాడు ఒకనాడు అడిగాడు: "తాతా, ఇమానానికి గూడ గిట్లనే పట్టీలేసి, పెద్ద ఇంజను పెడితే ఎక్కువ మోస్తది గదా?"

మోస్తుంది. ప్రపంచంలో ఆ పని చేసేవాళ్ళు ఉన్నారు, మన దేశంలోనూ చేశారు. కానీ బరువెక్కువైన ఆటో రోడ్డు పక్కన ఆగిపోతుంది. విమానానికి ఆ సౌకర్యం లేదు. అందుకే వాడికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మాకు అన్నం పెట్టిన విమానం పేరు పుష్పక్. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో డాక్టర్ వి.ఎం. ఘాటగే డిజైన్ విభాగం నడిపిన కాలంలో తయారైంది. అమెరికాలో ఏరోంకా చీఫ్ అనే చిన్న విమానం ఉండేది. దాని పోలికతోనే పుష్పక్‌ను రూపొందించారు. 1958 సెప్టెంబర్ 28న తొలిసారి ఎగిరింది. పైన రెక్క, లోపల పక్కపక్కనే రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజను. దేశమంతటా ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దాని మీదే చెయ్యి తిప్పుకున్నారు. రామాయణంలో పుష్పకానికి ఎందరెక్కినా ఇంకొకరికి చోటు మిగులుతుందంటారు. మా పుష్పక్‌లో ఇద్దరెక్కితే సరి.

లెక్క చూడండి. ఖాళీ విమానం బరువు సుమారు 395 కిలోలు. అన్నీ కలిపి గాల్లోకి లేవగలిగే గరిష్ఠ బరువు సుమారు 612. మధ్యలో మిగిలేది 217 కిలోలు. అందులో ఇద్దరు మనుషులకు 150 తీసేయండి. మిగిలిన అరవై డెబ్బై కిలోల్లోనే పెట్రోలు, సంచి అన్నీ. కొనుగోలు కేంద్రంలో కట్టే వడ్ల బస్తా 40 కిలోలు. పెట్రోలు పోశాక అదొక్కటి పెట్టడానికే ఆలోచించాలి.

ఇలాంటి విమానం ఒంటి మీద ఉండేది రేకు కాదు, గుడ్డ. మా అమ్మమ్మది మగ్గాల ఊరు కొడకండ్ల. నూలు సంగతి నాకు చిన్నప్పటి నుంచే కొంత తెలుసు. అయినా మొదటిసారి హ్యాంగర్‌లో విప్పిన రెక్కను చూసి ఆశ్చర్యపోయాను. లోపలంతా ఖాళీ. అడ్డంగా సన్నటి పక్కటెముకలు, వాటినే రిబ్బులు అంటాం. పైన బిగుతుగా పరిచిన నూలు గుడ్డ. దాని మీద డోప్ అనే ద్రావకం పూస్తే ఆరుతూ గుడ్డను లాగి బిగిస్తుంది. వేలితో కొడితే డప్పులా మోగేది. ఆ వాసన సాయంత్రం ఇంటికి వెళ్ళినా చొక్కాను వదిలేది కాదు. నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు కావడంతో హ్యాంగర్‌లో బీడీ కాల్చేవాణ్ని తరిమేవాళ్ళం.

తర్వాత పాలిస్టర్ గుడ్డ వచ్చింది. దాన్ని రెక్కకు అంటించి ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. నిజంగా ఇస్త్రీ పెట్టెతోనే. ముందు థర్మామీటర్‌తో పెట్టె వేడి సరిచూసి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, చివరికి 175 దాకా తీసుకెళ్తారు. అది దాటితే గుడ్డ బిగియడం మానేసి సడలిపోతుంది.

అసలు గొప్పతనం కుట్టులో ఉంది. గాలి రెక్కను పైకి లేపుతుందంటాం కదా, పైవైపు ఆ గాలి లాగేది గుడ్డనే. గుడ్డ రిబ్బును లాగాలి, రిబ్బు లోపలి దూలాన్ని లాగాలి, దూలం విమానాన్ని లేపాలి. గుడ్డను రిబ్బుకు పట్టి ఉంచేది మైనం రాసిన దారం. పొడవాటి సూదితో రెక్క పై నుంచి కిందికి, కింది నుంచి పైకి కుడతాం. ప్రతి కుట్టుకూ ముడి వేస్తాం, ఒకటి తెగినా పక్కది జారకుండా. మా చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళు వల అల్లేటప్పుడు వేసే ముడి జాతిదే అది. ప్రొపెల్లర్ గాలి నేరుగా తగిలే చోట కుట్లు దగ్గర దగ్గరగా పడాలి. విమానం గరిష్ఠ వేగం పెరిగితే కుట్ల మధ్య దూరం ఇంకా తగ్గాలి. పెద్ద ఇంజను పెట్టి వేగం పెంచుతామనేవాళ్ళు ఈ దారం దగ్గరి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

బెంగళూరు వాళ్ళు ఆ లెక్క మొత్తం చేసి చూశారు. పుష్పక్ ఎగిరిన ఏడాదికే, 1959 నవంబర్‌లో, దాన్నే పెంచి కృషక్ అనే విమానాన్ని ఎగరేశారు. ఆకారం పుష్పక్‌దే. క్యాబిన్ పెద్దదైంది, వెనక అటూ ఇటూ తిరిగే మూడో సీటు వచ్చింది, ఇంజను 90 నుంచి 225 హార్స్‌పవర్ అయింది. గరిష్ఠ బరువు సుమారు 1270 కిలోలకు పెరిగింది. ఆర్డర్లు లేక కొన్నేళ్ళు పక్కన పడి ఉన్నా, పాత ఆస్టర్ విమానాల స్థానంలో సైన్యం తీసుకుంది. ఫిరంగి గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి చెప్పడం దాని పని. 1970ల మధ్యలో చీతా హెలికాప్టర్లు వచ్చాక తప్పుకుంది.

ఇక్కడొక్క క్షణం ఆగండి. ఇంజను బలం రెండున్నర రెట్లు. మొత్తం బరువు రెండింతలు దాటింది. పెరిగిన సీటు ఒక్కటి. మిగతా బలమంతా ఏమైంది? పెద్ద ఇంజను బరువు, దాన్ని మోసే చట్రం బరువు, అది తాగే పెట్రోలు బరువు, ఇవన్నీ మోయడానికి గట్టిపడిన గొట్టాలు, చక్రాలు, స్ట్రట్లు అన్నీ కలిసి తినేశాయి. ఇది బెంగళూరు వాళ్ళ చేతగానితనం కాదు. ఏ దేశంలోనైనా చిన్న విమానాన్ని పెంచబోతే ఇదే జరుగుతుంది. నా ఉద్దేశంలో బరువు పెంచాలనుకునేవాడు మొదట చేయాల్సింది ఏదీ తగిలించడం కాదు, విమానం సొంత బరువులోంచి ఎన్ని కిలోలు తీయగలడో వెతకడం.

అమెరికాలోని అలాస్కా వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ చాలా ఊళ్ళకు రోడ్లు లేవు. బియ్యం, పెట్రోలు, వేటాడిన మూస్ మాంసం అన్నీ విమానంలోనే. 1949లో వచ్చిన పైపర్ సూపర్ కబ్ అనే గుడ్డ విమానం వాళ్ళకు ఇంటి బండి లాంటిది. 150 హార్స్‌పవర్ రకానికి గరిష్ఠ బరువు 1750 పౌండ్లు, అంటే సుమారు 794 కిలోలు. దాన్ని 2000 పౌండ్లకు, 907 కిలోలకు పెంచే ఆమోదిత మార్పులు ఉన్నాయి. వాళ్ళు ముందు పాత స్టార్టర్, పాత బ్యాటరీ తీసి తేలికపాటివి పెడతారు. లోపలి అలంకారం పీకేస్తారు. ఆ తర్వాతే రెక్కను మోసే స్ట్రట్లకు, అవి కలిసే కొక్కేలకు, చక్రాల కాళ్ళకు బలం చేరుస్తారు. రెక్క ముందు అంచు వెనక వరసగా చిన్న చిన్న పలకలు అంటిస్తారు. అవి గాలిని రెక్కకు అతుక్కునేలా చేసి, నెమ్మది వేగంలోనూ విమానం పడిపోకుండా చూస్తాయి. రాళ్ళ ఏటి ఒడ్డున దిగడానికి 31 అంగుళాల బెలూన్ లాంటి టైర్లు కూడా వేస్తారు. ఆ టైర్ల బరువు మళ్ళీ సరుకులోంచే పోతుంది, అది వేరే సంగతి.

గట్టిపరచడం ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. మామూలు తరగతి విమానం రెక్క, విమానం బరువుకు 3.8 రెట్లు భారాన్ని తట్టుకోవాలని నియమం. మలుపు తిరిగినప్పుడు, ఎండపూట గాలి కుదుపు తగిలినప్పుడు భారం అలా పెరుగుతుంది. అరవై డిగ్రీలు వంగి మలుపు తిరిగితేనే రెండు రెట్లు. 794 కిలోలకు 3.8 రెట్లు ఓర్చే రెక్క మీద ఏ మార్పూ లేకుండా 907 కిలోలు వేస్తే, మిగిలే ఓర్పు 3.3 రెట్లే. విమానం లేస్తుంది, చక్కగానే ఎగురుతుంది. ఆ రోజు ఏమీ కాదు. అందుకే ఈ దొంగ బరువు ప్రమాదకరం. ఏమీ కాని రోజులు మనిషికి ధైర్యం నేర్పుతాయి.

పాత స్ట్రట్ల సంగతి ఇంకొకటి. ఉక్కు గొట్టం పైకి పెయింటుతో నిగనిగలాడుతుంటుంది, కింది చివర లోపల నీరు నిలిచి తుప్పు తింటుంది. పైపర్ విమానాల్లో ఇలా జరుగుతోందని అమెరికా విమానయాన శాఖ 1993లోనే తనిఖీలు తప్పనిసరి చేసింది. స్ప్రింగు ఉన్న పొడుపు పరికరంతో గొట్టం మీద నొక్కుతూ పోవాలి. సొట్ట పడితే ఆ స్ట్రట్ పని అయిపోయినట్టే. అలాంటి గొట్టం మీద అదనపు బరువు గురించి మాట్లాడటమే తప్పు.

నేల మీద సంగతీ ఉంది. బరువు పది శాతం పెరిగితే విమానం గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం ఐదు శాతం పెరుగుతుంది. లేవడానికి పరుగెత్తాల్సిన దూరం ఇరవై శాతం పైగా పెరుగుతుంది. దీనికి మన ఎండలు తోడు. 1930లో నిజాం కాలంలో వరంగల్ పక్కన మామునూరులో కట్టిన ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి సుమారు 285 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, రెక్కకూ ఇంజనుకూ 1400 మీటర్ల ఎత్తున ఉన్నట్టే. హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తు. అలాస్కా చలిలో పనిచేసిన లెక్క తెచ్చి మన ఎండలో వాడితే రన్‌వే చివరి చెట్లే చెబుతాయి జవాబు.

బరువు ఎంత అన్నది సగమే, ఎక్కడ అన్నది మిగతా సగం. మేము తూకం వేసే రోజు హ్యాంగర్ తలుపులన్నీ మూసేవాళ్ళం, ఫ్యాన్లు ఆపేవాళ్ళం. చిరుగాలి చాలు, రెక్క కొంచెం లేచి అంకె మారిపోతుంది. తోకను ఎత్తి స్టాండు మీద పెట్టి, విమానాన్ని సమంగా నిలబెట్టి, ముందు రెండు చక్రాల కింద, తోక కింద మూడు తూకాలు. మేస్త్రీలు గోడకు పట్టే దారపు గుండును రెక్క అంచు నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి దూరాలు కొలిచేవాళ్ళం. ఆ అంకెల్లోంచి తేలేదే సీజీ, అంటే విమానం బరువంతా ఎక్కడ కేంద్రీకరించిందో ఆ బిందువు. దానికి అర మీటరు వెనక పెట్టిన 60 కిలోలు, మీటరున్నర వెనక పెట్టిన 20 కిలోలు తోకను ఒకేలా కిందికి లాగుతాయి. తోక మరీ బరువైతే ముక్కు లేచి, వేగం పడిపోయి, పైలట్ ఎంత నెట్టినా ముక్కు దిగదు. గిరగిరా తిరుగుతూ పడిపోయే ప్రమాదాలు ఇలా వచ్చేవే. కొత్త గుడ్డ కట్టాక మెరుపు కోసం ఇంకో రెండు పూతల రంగు వేయమనే పెద్దలు ఉండేవారు. తూకం కాగితం చూపించేదాకా వినేవారు కాదు.

చట్టం ఏమంటుందంటే, విమానంలో ఇలాంటి మార్పు సొంతంగా చేయకూడదు. అసలు డిజైన్‌కు ఇచ్చిన సర్టిఫికెట్ పైన, ఆ మార్పుకు వేరే అనుబంధ సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒప్పుకోవాలి, లైసెన్సున్న ఇంజనీరు సంతకం పెట్టాలి, మళ్ళీ తూకం వేయాలి. 1934 నాటి చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి వచ్చినా ఈ పద్ధతి మారలేదు. అలాస్కాలో 15 శాతం దాకా అదనపు బరువుకు ప్రత్యేక నిబంధన ఉందని చదివి కొందరు ఉత్సాహపడతారు. అది పాత ప్రమాణాల కింద సర్టిఫై అయిన కొన్ని విమానాలకే, అదీ లైసెన్సు తీసుకుని రవాణా నడిపే సంస్థలకు, కొన్ని ప్రభుత్వ పనులకు మాత్రమే. రెక్క ఓర్పు, పైకెక్కే శక్తి సరిపోతాయని చూపించాకే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే తెలివి మళ్ళీ బెంగళూరు వాళ్ళదే. పొలాల మీద మందు చల్లే విమానం కావలసి వచ్చినప్పుడు వాళ్ళు పుష్పక్‌ను మరోసారి సాగదీయలేదు. రెక్క కిందికి తెచ్చి, 400 హార్స్‌పవర్ ఇంజనుతో, మందు తొట్టిని దృష్టిలో పెట్టుకుని బసంత్ అనే వేరే విమానాన్నే గీశారు. చివరికి తేలిన రూపంలో అది 1972లో ఎగిరింది. మా అన్న మనుమడికి చివరకు నేను చెప్పిందీ అదే: ఇరవై ముప్పై కిలోలైతే వెతికి తీయొచ్చు, బలపరిచి పెంచొచ్చు. బస్తాలకు బస్తాలు మోయాలంటే వేరే విమానం కొనుక్కోవాలి.

మామునూరు ఎయిర్‌పోర్టును మళ్ళీ తెరవడానికి కేంద్రం 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. అక్కడో ఇంకెక్కడో మీరెప్పుడైనా చిన్న విమానం ఎక్కే రోజు రావచ్చు. పైలట్ మీ బరువెంత అని అడిగితే సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పకండి. చెప్పులతో, సంచితో సహా తూకం చూసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.