చింతగింజలతో చందుర్తి యుద్ధము

మా తిరువూరు ప్రాంతపు పల్లెలలో అరుగులమీద చదరంగమో పులిజూదమో ఆడని పెద్దలు అరుదు. నేడు నేను చెప్పబోవునదియు నొక యాటయే. కాని యిందు జరిగిపోయిన యుద్ధమును మనము మరల జరుపుదుము. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిదప మా వీథియరుగుమీద దీనిని పెక్కుమారులు ఆడించితిని. అందువలన నాకు గలిగిన కనువిప్పును మీకు విన్నవించుకొందును.

చతురంగమనగా ఏనుగులు, రథములు, గుఱ్ఱములు, కాల్బలము అను నాలుగంగముల సేన. చదరంగమునకు ఆ మాటయే మూలము. అయితే చదరంగమున ఎదిరిబలమంతయు మన కన్నులయెదుటనే యుండును. అదృష్టమునకు తావు లేదు. నిజమైన యుద్ధమున నట్లు కాదు. ఈ కొఱతను తీర్ప యత్నించినవారు ప్రష్యా దేశస్థులు. రైస్విట్జు అను నాతడు 1812లో తమ రాజునకు ఇట్టి యాటనొకదానిని చూపెను. ఫిరంగిదళమున ఉద్యోగియైన యాతని కుమారుడు 1824లో దాని నియమములను ప్రకటించెను. దేశపటము, బిళ్లలు, పాచికలు, నడుమ నొక మధ్యస్థుడు: ఇవియే సాధనములు. ప్రష్యా సేన దీనిని శిక్షణకై గైకొనెను. 1870–71లో వారు ఫ్రాన్సును జయించిన పిదప ఇతర దేశములవారును దీని నవలంబించిరి. 1913లో వెల్సు అను ఆంగ్లరచయిత బొమ్మ సిపాయిలతో ఇంటిలో ఆడుకొనదగిన సులభనియమములు వ్రాసెను.

ఐరోపావారు 1815 నాటి వాటర్లూ మొదలగు పోరులను ఇట్లు మరల జరుపుదురు. మనకు అంత దూరము పోనక్కఱలేదు. ఐరోపావారి పోరొకటి మన గడ్డమీదనే జరిగినది. 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమునగల చందుర్తికడ ఫ్రెంచివారును ఇంగ్లీషువారును తలపడిరి. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు. ఇంగ్లీషు సేనాని ఫోర్డు. ఇరువైపుల తెల్లసిపాయిలు సుమారు ఐదేసి వందలు. దేశీయ సిపాయిలు ఫ్రెంచివారికి ఆఱువేలు, ఇంగ్లీషువారికి రెండువేలు. ఫోర్డు పక్షమున విజయనగరపు ఆనందగజపతిరాజు సేనయు నుండెను గాని, పోరున అది పెద్దగా తోడ్పడలేదని చరిత్రకారులు వ్రాసిరి.

ఫోర్డు తన తెల్లసిపాయిలను నడుమ నిలిపెను. ఎత్తుగా పెరిగిన చేను వారిని కప్పివేసెను. వంగదేశమునుండి వచ్చిన యాతని దేశీయ సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగియుండిరి. వారే తెల్లవారని భ్రమించి ఫ్రెంచివారు ఆ ప్రక్కకు దూకిరి. సిపాయిలు వెనుదీసిరి. ఫ్రెంచివారు వరుస చెదరి తఱుముచుండగా, చేనిమాటున నున్న తెల్లదళము ప్రక్కనుండి వారిపై నిప్పులు కురిసెను. పోరు తిరుగబడెను. మఱుసటి యేడు ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు ఫ్రెంచివారి చేజాఱెను.

ఇక ఆట విధము. ఏబదిమందికి ఒక గింజ లెక్క. దేశీయ సిపాయిలకు చింతగింజలు, తెల్లవారికి గవ్వలు. పదేసి చొప్పున ఒక దళము. ప్రతి దళముమీద ఆకుదొప్ప బోర్లించవలెను. అందున్నవి గవ్వలో గింజలో ఎదిరికి తెలియరాదు. అరుగుమీద గడ్డిపరకలు పేర్చినచో చేను; ఇటుకముక్క యూరు. వంతు వచ్చినప్పుడు కాలిదళము జానెడు, గుఱ్ఱపుదళము రెండు జానలు, ఫిరంగి బెత్తెడు కదలును. తుపాకి జానెడు దూరము, ఫిరంగి నాలుగు జానలు కొట్టును. కొట్టునప్పుడు దళమున కొక పాచిక: ఐదుగాని ఆఱుగాని పడినచో ఎదిరికి రెండు గింజలు నష్టము. చేనిచాటున నున్నవారికి ఆఱు పడిననే నష్టము. ప్రక్కనుండి కొట్టినచో రెండు పాచికలు. సగము నష్టపడిన దళము జానెడు వెనుకకు పోవలెను. తఱుముకొని పోయిన దళము మఱుసటి వంతున కొట్టరాదు. వరుస దిద్దుకొనుటకే ఆ వంతు. చేనిలో దాగిన దళమును అరుగుమీద నుంచక, మధ్యస్థుని చేతికి చీటి వ్రాసి యీయవలెను.

మా ప్రక్కయింటి వృద్ధరైతొకరు ఈ కథ విని, “ఎఱ్ఱకోటు చూచి మోసపోయినవాడు సేనాని యెట్లాయెను పంతులుగారూ!” అని నవ్విరి. ఫ్రెంచి పక్షము వారికే యిచ్చితిని. దొప్పలు తెఱవక ముందు ఏది గవ్వలదో ఏది గింజలదో వారికిని తెలియలేదు. ఎదుటనున్న దొప్పమీదికి దూకిరి, గెలిచిరి, తఱిమిరి. అంతట చేనిలోని చీటి బయటపడెను. వారి పది గవ్వలలో కొన్ని పోయినవి. వారు చాలసేపు అరుగువంకనే చూచి, “ఆ దొర మూర్ఖుడు కాదండీ, తొందరపడినవాడు,” అనిరి. మఱునాడు మరల ఆడి, ఎదిరి వెనుదీసినను తఱుమక వరుస నిలుపుకొనిరి. నాడు నేను ఓడితిని.

ఇదియే ఈ యాట నేర్పిన పాఠము. ఫలితము తెలిసిన పిదప పూర్వులను నిందించుట సులభము. తెలియక ముందు నిర్ణయించుట ఎంత కష్టమో ఆ దొప్పలయెదుట కూర్చున్నగాని బోధపడదు. జరిగినదెల్ల విధిలిఖితమనుటయు సరికాదు. పాచిక దైవాధీనమైనను, తఱుముటయా మానుటయా అనునది మన చేతిలోనిదే.

పాచికలు పట్టించి పిల్లలను జూదమునకు దింపుచున్నాడని కొందఱు పెద్దలు నన్నాక్షేపించిరి. వారి భయము న్యాయమైనదే. ధర్మరాజు కథ ఎఱుగనివారెవరు? కావున మా యరుగుమీద పందెము కానియైనను నిషిద్ధము. యుద్ధమును వేడుక చేయుచున్నానని మఱికొందఱనిరి. వెల్సుకును ఈ శంక కలిగెను. మూడునాలుగుమారులు ఈ చిన్న యుద్ధమాడినవానికి పెద్ద యుద్ధమెంత తెలివిమాలిన పనియో తెలియునని యాతడు సమాధానము చెప్పెను. మఱుసటి యేడే, 1914లో, ఆ పెద్ద యుద్ధము వచ్చెను.

ఆట ముగిసిన పిదప గింజలను డబ్బాలో పోయుచు పిల్లలచేత లెక్కపెట్టింతును. ఒక్కొక్క గింజకు ఏబదిమంది. ఇరుపక్షముల సిపాయిలలో పెక్కుమంది ఈ దేశమువారే. పోరినది పరుల వర్తకసంఘములకొఱకు. సేనానుల పేర్లు మనము చెప్పుకొంటిమి; పడిపోయిన సిపాయిల పేర్లు చెప్పువారు లేరు. మన గింజలు రేపు మరల లేచి నిలుచును. వారు లేవలేదు. ఆ మాట చెప్పినప్పుడు పిల్లలు మాటాడక డబ్బా మూయుదురు.